తువ్వాలు కింద చెయ్యి

చెయ్యి పడిపోయింది అంటారు గాని, పడిపోయిన చెయ్యి ఎక్కడికీ పోదు. భుజానికే వేలాడుతూ ఉంటుంది. మనం లేస్తే లేస్తుంది, కూర్చుంటే ఒళ్ళో కూర్చుంటుంది, పిలిస్తే మాత్రం పలకదు. కాఫీ తాగి, భోజనం చేసి, ఎంతకీ బయల్దేరని చుట్టంతో ఉన్నట్టే ఉంటుంది దాంతో. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. ఆ రోజుల్లో నవ్వలేదు.

ఈ మధ్య మా వైపు ఎవరికి పక్షవాతం వచ్చినా నాకు ఫోను చేస్తున్నారు. కొందరు డాక్టరు కంటే ముందు నాకే చేస్తున్నారు, అది తప్పు. ముందు ఆసుపత్రికి పరిగెత్తండి, నేను ఎక్కడికీ పోను. అడిగిన ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెప్పలేక, నాలాంటివాళ్ళకి కాస్త ధైర్యంగా ఉంటుందని రాసి పెడుతున్నాను.

నా పని సంగతి ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కంకిపాడు దగ్గర మా ఊరు. నేను గేదెల దళారిని. సంతల్లో అమ్మేవాడికీ కొనేవాడికీ బేరం కుదర్చడం నా వృత్తి. మా బేరం నోటితో జరగదు. చుట్టూ పదిమంది చెవులు రిక్కించుకుని ఉంటారు కాబట్టి, ఇద్దరం కుడిచేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటాం. దాని కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఎదుటివాడి వేలు ఒకటి పట్టి నొక్కితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యి మొత్తం పట్టేస్తే అయిదు. ఒకటంటే వెయ్యా పదివేలా అన్నది గొడ్డుని చూస్తే ఇద్దరికీ తెలుస్తుంది. మన చూపుడు వేలు వంచి వాళ్ళ అరచేతిలో గీరితే, ఇంకో సగం కలిపినట్టు. పైన మొహాలు మాత్రం వానల గురించీ పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుకుంటూ ఉంటాయి.

ఈ పనిలో మా నాన్న నేర్పిన సూత్రం ఒక్కటే. ముందు నొక్కినవాడు ముందు ఓడినవాడు. ఎదుటివాడి వేలు కదిలేదాకా మన చెయ్యి చచ్చినట్టు పడి ఉండాలి. ఆ సూత్రం మీదే నా సంసారం నడిచింది, మా అబ్బాయి రవి చదువుకున్నాడు, పటమటలో మోటారు విడిభాగాల కొట్టు పెట్టుకున్నాడు. ఆ సూత్రమే చివరికి నా కొంప ముంచబోయింది.

2007 వేసవి. కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజులు. పొద్దున్నే చుక్కమ్మ పాలు పితుకుతున్నాను. చుక్కమ్మ మా ఇంటి గేదె, నుదుట తెల్ల మచ్చ ఉంటుంది. కుడిచెయ్యి పొదుగు మీంచి జారిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. గేదె వెనక్కి తిరిగి, ఎవడో కొత్తవాడు వచ్చి కూర్చున్నట్టు చూసింది. మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ పేరు సామ్రాజ్యం. మామూలుగానే పెద్ద పేరు, ఆ పూట నా నోట్లో అది సగం కూడా పట్టలేదు.

అరుగు మీద పడుకోబెట్టేసరికి వీధివాళ్ళంతా పోగయ్యారు. పావురం రక్తం రాస్తే తగ్గిపోతుందని పక్కింటాయన అప్పుడే పావురం కోసం మనిషిని పంపాడు. ఇది చదివేవాళ్ళకి చెప్తున్నాను, పక్షవాతంలో పక్షం ఉంది గాని పక్షి లేదు. పావురాలని వాటి మానాన వాటిని వదిలేయండి. పావురం వచ్చేలోపే సామ్రాజ్యం మాట్లాడిన కారు వచ్చింది. ఎదురొచ్చిన రవి దారిలో ఎక్కాడు. బెంజ్ సర్కిల్ దాటి ఆసుపత్రిలో పడేశారు నన్ను.

అక్కడ నాకేం చేశారో నాకు సరిగ్గా తెలియదు, తెలిసినట్టు రాయను. పైన లైట్లు గుర్తున్నాయి. అద్దం తలుపు అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సామ్రాజ్యం గుర్తుంది. తలుపు తీసినప్పుడల్లా లేచి నిలబడేది, మూసినప్పుడల్లా కూర్చునేది. నాకు చావంటే భయం వేసింది. దాచుకోవడం దేనికి, బాగా భయం వేసింది.

మాట తొందరగానే వచ్చింది. కాలు కూడా కర్ర సాయంతో దారిలో పడింది. చెయ్యి రాలేదు. పెద్ద డాక్టరుగారు దాన్ని ఎత్తి, వదిలి, పడిపోవడం చూసి, "దీనికి టైం పడుతుందండీ" అన్నారు. ఎంత టైం అని అడిగితే భుజం తట్టి వెళ్ళిపోయారు. మా సంతలో భుజం తట్టి పోయారంటే బేరం తెగలేదని అర్థం, నాకు తెలుసు.

పటమటలో రవి ఇంట్లోనే ఉండిపోయాం. చుక్కమ్మని ఊళ్ళో తెలిసినవాళ్ళకి అప్పజెప్పాం. మా కోడలు మంచిపిల్ల, వేళకి అన్నీ అమర్చేది. అయినా సామ్రాజ్యం అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే గొంతు దిగేది కాదు. ఎడంచేత్తో చెంచా పట్టుకుంటే సగం చొక్కాకి పోయేది. విసుగొచ్చి ఒకసారి పళ్ళెం తోసేశాను. రవి చూశాడు. వాడికి కోపం కంటే భయం ఎక్కువ వేసిందని మొహం చూస్తే తెలిసింది.

"ఇంక సంతలు చాల్లే నాన్నా. ఆ చుక్కమ్మని కూడా అమ్మేద్దాం. మీరిద్దరూ ఇక్కడే ఉండండి" అన్నాడు ఒక సాయంత్రం.

"ఎవడమ్ముతాడు? నా చెయ్యి లేకుండా నా గేదె బేరం ఎవడు చేస్తాడు?" అన్నాను.

"ఎడం చేత్తో చెయ్యండి మరి!"

ఆ మాట అన్నాక వాడే నాలిక కరుచుకున్నాడు. ఎడంచేత్తో బేరం ఏమిటి? ఎడంచెయ్యి చాపితే సంతలో ఎవడు కలుపుతాడు? నాకు కావలసింది డబ్బు కాదని వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు. నేను నోటితో పెద్ద మాటకారిని కాను. నా తెలివి, నా పరువు, నా వేళాకోళం అన్నీ ఆ అయిదు వేళ్ళలోనే ఉండేవి. చెయ్యి రాకపోతే నేను మూగవాణ్ణయినట్టే.

2008 మొదట్లో ఆ ఆసుపత్రి వాళ్ళే కబురు పెట్టారు. ఎక్కడో ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు తయారుచేసిన రోబో ఒకటి పరీక్షకి వచ్చిందట, పడిపోయిన చేతులకి కసరత్తు చేయిస్తుందట. రోబో అంటే సినిమాల్లోలాగా కాళ్ళూ కళ్ళూ ఉంటాయనుకున్నాను. చూస్తే బల్ల మీద ఒక ఇనపపంజా, ఒక్కో వేలికీ ఒక పట్టీ, ఎదురుగా టీవీలాంటి తెర. తెర మీద బత్తాయిపండు కనిపిస్తుంది. మనం పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే కాసేపు ఆగి, ఆ పంజాయే మన వేళ్ళు మూసి పట్టుకునేట్టు చేస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. మనిషైతే కాసేపటికి అలిసిపోతాడు, ఇది అలవకుండా మళ్ళీ మళ్ళీ చేస్తుంది, దాని గొప్ప అదేనని పావని చెప్పింది. పావని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. చిన్నదే గాని గొంతు హెడ్‌మాస్టరు గొంతు.

వరండాలో మా వంతు కోసం కూర్చునేవాళ్ళం. ఫ్యాను ఒక్కటే, దాని కింద కుర్చీ ఒక్కటే. ఆ కుర్చీ మంగమ్మగారిది. కైకలూరు నుంచి వచ్చేది, చేపల వ్యాపారం. ఆవిడకి ఎడంచెయ్యి పడిపోయింది, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఎంత ముందొచ్చినా ఆ కుర్చీ ఎవరికీ దక్కనిచ్చేది కాదు. రోబోని 'అల్లుడుగారు' అనేది.

"ఎంత మర్యాద చేసినా తన ఇష్టమే గాని మన ఇష్టం ఉండదు కదండీ, అల్లుడు కాక ఇంకేంటి? ఇయ్యాళ అల్లుడుగారు ఎట్టా ఉన్నాడమ్మాయ్, అలకమీదున్నాడా?" అని పావనిని అడిగేది. వరండా అంతా నవ్వేది. ఏడుపు మొహాలతో వచ్చినవాళ్ళు అక్కడ నవ్వడం నేర్చుకున్నారు.

నాకూ రోబోకీ భలే కుదిరింది. చెయ్యి పంజాలో పెట్టగానే నేను ఆగేవాణ్ణి. బత్తాయిపండు వచ్చేది. నేను కదిలేవాణ్ణి కాదు. కాసేపు చూసి చూసి, పంజాయే నొక్కేది. తెలిసి చేశానని కాదు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వాళ్ళు నొక్కేదాకా ఆగడం నా ఒంట్లో ఇంకిపోయింది. పైగా లోపల కాస్త సంబరం కూడా. నాతోనా నీ బేరం, ప్రతిసారీ నువ్వే ముందు నొక్కుతున్నావు చూశావా అని. ఊరినుంచి ఎవరైనా ఫోను చేసి "రోబోతో చేయించుకుంటున్నారంటగా?" అంటే, "బ్రహ్మాండంగా చేయించుకుంటున్నా" అనేవాణ్ణి.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పావని పంజా మోటారు ఆపేసింది.

"బాబాయ్‌గారూ, ఇప్పుడిది సాయం చెయ్యదు. మీరే పట్టుకోండి."

తెరమీద బత్తాయిపండు వచ్చింది. నేను ఆగాను. అదీ ఆగింది. ఈసారి పంజా నొక్కలేదు. అప్పుడు నిజంగా ప్రయత్నించాను. మెడ నరాలు బిగుసుకున్నాయి, చెమట పట్టింది. చెయ్యి మాత్రం అలాగే పడి ఉంది. పండు తెరమీదే ఉంది.

పావని కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇన్నాళ్ళూ మీరేం చేస్తన్నారు?"

"చేయించుకుంటున్నానమ్మా."

"అదే తప్పు. మర్దనా చేయించుకుంటాం, క్షవరం చేయించుకుంటాం. ఇది చేయించుకునేది కాదండీ, చేసేది. మీరు మొదలుపెడితే అది అందుకుంటది. మీరు ఊరికే కూర్చుంటే అది కదిపిందాంట్లో మీకు వచ్చేది ఏం లేదు." తర్వాత గొంతు తగ్గించింది. "నెలాఖరుకి పెద్దడాక్టరుగారు చూస్తారు. కొంచెం కూడా కదలిక లేనివాళ్ళని ఆపేసి, బయట ఎదురుచూసేవాళ్ళకి ఇస్తామన్నారు. నేనేం చెయ్యలేను."

కళ్ళు తుడుచుకోడానికి కూడా ఎడంచెయ్యే లేపుకుంటూ వరండాలోకి వచ్చాను. మంగమ్మగారు నా మొహం చూసింది. లేచి, ఫ్యాను కింద కుర్చీ నా వైపు జరిపి, గోడ పక్కన నిలబడింది. ఆటోలో ఇంటికి వెళ్తూ ఏడ్చాను. సామ్రాజ్యం అటు తిరిగి రోడ్డు చూసింది, నన్ను ఏడవనిచ్చింది.

జరిగిందంతా రవికి ఆవిడే చెప్పింది. నా సూత్రం సంగతి, పంజా దగ్గర ఆగడం సంగతి కూడా నేను ఆవిడకి చెప్పాను. రవి తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం ఏదో ఆలోచించింది.

మర్నాడు సాయంత్రం బాల్కనీలో కూర్చుని ఉంటే వచ్చి పక్కన చాప మీద కూర్చుంది. నా కుడిచెయ్యి తీసి తన కుడిచేతిలో పెట్టుకుంది. నా భుజం మీంచి సంత తువ్వాలు తీసి రెండుచేతుల మీదా కప్పింది.

"ఏంటిది?"

"చుక్కమ్మని కొంటానికొచ్చా."

మా వైపు ఆడవాళ్ళు తువ్వాలు కింద చెయ్యి పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. నవ్వొచ్చింది. అంతలో ఆవిడ నా చూపుడు వేలు పట్టుకుని నొక్కింది. ఎక్కడో దూరంగా, గోనెసంచి అవతలినుంచి నొక్కినట్టు తెలిసింది. ఇంకో వేలు పడుతుందని చూశాను. పట్టలేదు. ఒకటి!

"ఒకటా? చుక్కమ్మకి ఒకటా?" అని అరిచాను. "మేకపిల్ల వస్తుందా ఆ ధరకి?"

"నోటితో కాదు. సంతలో నోటితో చెప్తారా ఎవరైనా?" అంది వీధివైపు చూస్తూ. "ఈ ఏడు వానలెట్టా ఉంటాయంటారు?"

మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఒకటే. పైన మొహం మాత్రం అచ్చం సంతలో మొహమే, ఏమీ ఎరగనట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయిదు చెప్పాలి. ఆవిడ చెయ్యి మొత్తం పట్టి నలిపెయ్యాలి. బలమంతా పోగేసి పంపాను. తువ్వాలు కింద ఏదో జరిగింది. సామ్రాజ్యం వానల సంగతి మధ్యలో ఆపేసింది.

"ఏమైంది?"

"గీరారు" అంది. "మీ వేలు వంగింది. నా అరచేతిలో గీరారు."

మళ్ళీ పంపాను. వేలు మళ్ళీ గీరింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వు కూడా ఆగలేదు.

"ఒకటిన్నర! చుక్కమ్మని ఒకటిన్నరకి అమ్మేశారు!"

నా జన్మలో అంత దండగమారి బేరం చెయ్యలేదు, అంత సంతోషపడిందీ లేదు. కోడల్ని పిలిచాం, రవికి కొట్టుకి ఫోను చేశాం. అంతా సద్దుమణిగాక అడిగాను, గీరితే సగమని నీకెలా తెలుసని. మా లెక్కలు ఇంట్లో చెప్పం. నేనెప్పుడూ చెప్పలేదు.

"ఎందుకు తెలీదు? పెళ్ళయిన కాడ్నించీ నిద్దట్లో నా చెయ్యి పట్టుకుని గేదెల్ని అమ్ముతానే ఉన్నారుగా" అంది. "సంతకెళ్ళొచ్చిన రోజు మరీను. పొద్దున మీరు ధర చెప్తే, ఓహో, రాత్రి ఆ వేలు అందుకా అనుకునేదాన్ని." తువ్వాలు మడతపెడుతూ మళ్ళీ అంది. "ఈ ఏడాదిగా ఆ చెయ్యి ఊరుకుంది. ఆ లోటు మీకు పగలే తెలుసు. నాకు రాత్రిళ్ళు కూడా తెలుసు."

ఆవిడ మడిచిన తువ్వాలు ఎడంచేత్తో అందుకుని మళ్ళీ భుజం మీద వేసుకున్నాను.

మర్నాడు తువ్వాలు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చేతి మీద, పంజా మీద కలిపి కప్పమని పావనిని అడిగాను.

"ఎందుకండీ? చెయ్యి చూస్తా చేస్తేనే మంచిది."

"నా చెయ్యి బతుకంతా చాటునే పని చేసిందమ్మా. చూస్తుంటే దానికి సిగ్గు."

నవ్వి, సరే మోటారుకి తగలకుండా కప్పండి అంది. తలుపులోంచి మంగమ్మగారు తొంగిచూసింది. "అబ్బో, అల్లుడుగారికి కొత్తబట్టలు పెట్టారే!"

ఆ రోజు బత్తాయిపండు రాగానే నేను ఆగలేదు. ముందు నేనే నొక్కాను. నొక్కానంటే ఎంత, చీమ కుట్టినంత. పంజా దాన్ని అందుకుని మిగతాది పూర్తి చేసింది. మా నాన్న పైనుంచి చూసి తిట్టుకునే ఉంటాడు. కానీ బేరం వేరు, రోగం వేరు. రోగం దగ్గర ముందు నొక్కినవాడిదే గెలుపు. ఫోను చేసిన ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఈ ఒక్క ముక్కే.

నెలాఖరున పెద్ద డాక్టరుగారు వచ్చారు. మోటారు ఆపి, తువ్వాలు తీయించి, వేలు వంచమన్నారు. వంచాను. నా వంతు ఆపలేదు. ఈసారి భుజం తట్టలేదు, చెయ్యి పట్టుకుని ఊపారు.

తర్వాతదంతా నత్తనడక. వానాకాలానికి బొటనవేలు వచ్చింది. చలి మొదలయ్యేసరికి అన్నం కలపగలిగాను. పప్పన్నం ముద్ద నా చేత్తో నేను పెట్టుకున్నప్పుడు కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది, ఏడవడానికేనని అందరికీ తెలుసు. మంగమ్మగారి చెయ్యి కూడా సగం వచ్చింది. ఆ సగంతోనే తక్కెడ పట్టుకుంటోందట. నా చిటికెన వేలు మాత్రం రాలేదు. ఇంక రాదని పావని సూటిగానే చెప్పింది. పోనీలే అనుకున్నాను, దాంతో పెద్ద ధరలు ఏమీ చెప్పలేదు ఎప్పుడూ.

2009లో ఊరికి వచ్చేశాం. చుక్కమ్మ ఇంటికొచ్చింది. మొదటిరోజు నేను పొదుగు దగ్గర కూర్చుంటే వెనక్కి తిరిగి చూసి, తల తిప్పేసుకుంది. అంటే సరేనని.

సంతకి కూడా వెళ్ళాను. రవి వద్దనలేదు, తనే కారులో దింపాడు. అక్కడ వెంకటరత్నం ఉన్నాడు. నాలాగే దళారి, నాకు పాత పోటీదారు. సంతలో అతనికీ నాకూ పడదని పశువులకి కూడా తెలుసు. ఎవరికో పాడిగేదె కావాలని వచ్చి చెయ్యి చాపాడు. తువ్వాలు కప్పుకున్నాం. నేను అలవాటు ప్రకారం ఆగాను. నా చెయ్యి సన్నగా వణుకుతోంది, అతనికి తెలియకుండా ఉండదు. అతను ఎంతసేపైనా ఆగగలడు, అందులో మొనగాడు. కానీ ఆగలేదు. ముందు అతనే నొక్కాడు. పైన మొహం ఎటో చూస్తోంది.

వెంకటరత్నం నాకు చేసిన ఉపకారం అది, దానికి పైకి దండం పెట్టడానికి లేదు. అలాగని ధర తగ్గించానా? లేదు. బాగానే పిండాను.

"చెయ్యి పడిపోయిందన్నారు, ఇదేంటయ్యా గొంతు పట్టుకుంటన్నావ్!" అని గట్టిగా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వింటే నాకు ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది.

ఆ మర్నాడు పొద్దున సామ్రాజ్యం కాఫీ తెచ్చి ఇచ్చింది. కుడిచేత్తో అందుకున్నాను. గ్లాసు ఇచ్చి వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"రాత్రి మళ్ళీ అమ్మారు" అంది.

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు కింద పెట్టాను.

"ఏ గేదెని?"

"ఏమో, చీకట్లో నాకేం కనపడతది? ధర మాత్రం గట్టిగా చెప్పారు."

"ఎంతకి తెగింది?"

"తెగలా. అయిదు మీదే కూర్చున్నారు. తెల్లారిందాకా చెయ్యి వదిలితేగా."

"అయిదెక్కడిది, చిటికెన వేలు రాలేదు కదా. నాలుగే అయ్యుంటుంది."

"నాకైతే అయిదే అనిపించింది" అని, ఖాళీ చెంబు తీసుకుని చుక్కమ్మ దగ్గరికి వెళ్ళింది.